గడువున్న తాళంచెవి

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటరు నిల్వల్లో భద్రపరచిన సమాచారాన్ని అర్హులైనవారికి, అవసరమైనంత కాలం మాత్రమే అందించే విధానాన్ని వివరించడం, ఎవరికి ఏ అధికారం ఇచ్చినా దానికి హద్దులు ఎందుకుండాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

అశోక్ నగర్‌లో ఒక వేసవి

హైదరాబాదు మహానగరంలో చిక్కడపల్లి, నారాయణగూడలకు చేరువలో ఉన్న అశోక్ నగర్ పోటీపరీక్షల అభ్యర్థులకు కాణాచి. నగర కేంద్ర గ్రంథాలయంలో తెల్లవారుజామునే చోటు కోసం బారులు తీరే యువకులు, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ చదువుకునే యువతులు, నోట్సుల ప్రతులు తీసే జిరాక్సు దుకాణాలు, నెలకింత అని రుసుము కట్టి కూర్చునే పఠనమందిరాలు ఆ ప్రాంతంలో అడుగడుగునా కనిపిస్తాయి. ఆదిలాబాదు నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చినవారు ఏళ్ల తరబడి అక్కడే ఉండి చదువుతారు. తల్లిదండ్రులు పొలం మీద తెచ్చిన అప్పు, చెల్లి పెళ్లికి దాచిన డబ్బు ఆ గదుల అద్దెగా మారిన సందర్భాలూ లేకపోలేదు.

2023 మార్చిలో ఆ వీధుల్లో పిడుగు పడినట్లయింది. నాటి తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించిన పరీక్షల ప్రశ్నపత్రాలు ముందుగానే బయటికి పొక్కాయన్న సంగతి వెల్లడైంది. 2022 అక్టోబరు 16న రెండున్నర లక్షలకు పైగా అభ్యర్థులు రాసిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్షతో పాటు మరికొన్ని పరీక్షలను కమిషన్ 2023 మార్చిలో రద్దు చేసింది. కమిషన్ కార్యాలయంలోని రహస్య విభాగపు కంప్యూటరులోకి, అక్రమంగా సంపాదించిన సంకేతపదంతో ప్రవేశించి ప్రశ్నపత్రాలను నకలు చేశారని దర్యాప్తు చేసిన పోలీసులు తెలిపారు.

సంకేతపదం అంటే కొన్ని అక్షరాలు, కొన్ని అంకెలు. దాన్ని ఎవరు టైపు చేసినా తలుపు తెరుచుకుంటుంది. ఉదయమా, అర్ధరాత్రా అని అడగదు. నిన్న పని చేసింది కనుక నేడూ పని చేస్తుంది. ఒక దస్త్రం కోసం వచ్చినవారికి పది దస్త్రాలు చూపుతుంది. గడువు లేని తాళంచెవికి ఉన్న దోషం ఇదే. ఈ దోషాన్ని తగ్గించడానికి కంప్యూటరు శాస్త్రజ్ఞులు రూపొందించిన ఉపాయాల్లో ముఖ్యమైనది గడువున్న ప్రవేశపత్రం. దీనినే వాడుకలో ‘టోకెన్’ అంటారు.

మన పూర్వుల ముద్రలు

ఒకరి అధికారాన్ని మరొకరికి గుర్తు రూపంలో అందించడం కొత్త విషయమేమీ కాదు. సముద్రాన్ని లంఘించిన హనుమంతుణ్ణి సీతాదేవి నమ్మడానికి శ్రీరాముని అంగుళీయకం తోడ్పడింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ‘ముద్రాధ్యక్షుడు’ అనే అధికారి ప్రస్తావన ఉంది. దేశంలోకి వచ్చేవారికీ, దేశం విడిచి వెళ్లేవారికీ ఒక మాషం రుసుము తీసుకొని ముద్ర వేసిన పత్రం ఇవ్వడం అతని విధి. ముద్ర లేకుండా తిరిగేవారికి పన్నెండు పణాలు జరిమానా.

అయితే ముద్రకూ ఒక బలహీనత ఉంది. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకం మొత్తం ఆ బలహీనత చుట్టూ అల్లుకున్నదే. రాక్షసమంత్రి పేరున్న ఉంగరం అతని కుటుంబం తలదాచుకున్న ఇంట్లో జారిపడి చాణక్యుని చేతికి చిక్కుతుంది. చాణక్యుడు ఒక కపటలేఖ రాయించి, దానిపై ఆ ఉంగరంతో ముద్ర వేయిస్తాడు. ముద్ర నిజమైనదే కనుక లేఖ కూడా నిజమైనదేనని లోకం నమ్మింది. రాక్షసునికి అతని మిత్రపక్షం దూరమైంది. ఉంగరం మీద పేరు ఉంది గాని తేదీ లేదు. ఏ పనికి వాడాలో లేదు. ఎప్పటివరకు చెల్లుతుందో లేదు.

సినిమా టికెట్టు చెప్పే పాఠం

అశోక్ నగర్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ సినిమా థియేటర్లకు ప్రసిద్ధి. అక్కడ చేతికిచ్చే టికెట్టును పరిశీలిస్తే పై లోపాలకు పరిష్కారం దొరుకుతుంది. టికెట్టుపై థియేటరు పేరు, తేదీ, ఆట వేళ, సీటు సంఖ్య ఉంటాయి. ఈ రోజు మొదటి ఆట టికెట్టుతో రేపు లోపలికి వెళ్లలేరు. పక్క థియేటరులోకీ వెళ్లలేరు. టికెట్టు ఉన్నంత మాత్రాన ప్రొజెక్టరు గదిలోకి అడుగు పెట్టలేరు. అంటే అది ఎక్కడికి, ఏ పనికి, ఎంతకాలం అన్న మూడు హద్దులను తనలోనే ధరించిన ప్రవేశపత్రం. గడువున్న టోకెను కూడా అచ్చంగా ఇలాంటిదే.

క్లౌడ్ నిల్వ – దాని సమస్య

ఫొటోలు, వీడియో పాఠాలు, పత్రాలు మొదలైనవాటిని సొంత కంప్యూటరులో గాక పెద్ద సంస్థలు నడిపే భాండాగారాల్లో అద్దె చెల్లించి దాచుకోవడాన్ని ‘క్లౌడ్ నిల్వ’ అంటారు. మేఘం అన్న పేరే గాని అది ఆకాశంలో లేదు. నేల మీదే, వేలాది యంత్రాలతో నిండిన భవనాల్లో ఉంది. అమెజాన్ సంస్థ 2006 మార్చిలో ‘ఎస్ 3’ అనే నిల్వ సేవను ప్రారంభించింది. 2022 నవంబరులో అదే సంస్థ తన క్లౌడ్ సేవల కోసం హైదరాబాదులో ఒక ప్రాంతీయ కేంద్రాన్ని నెలకొల్పింది.

ఒక శిక్షణ సంస్థ తన వీడియో పాఠాలను క్లౌడ్ నిల్వలో ఉంచిందనుకుందాం. రుసుము కట్టిన విద్యార్థిని అశోక్ నగర్‌లోని తన గదిలో కూర్చుని, సంస్థ వారి యాప్‌లో పన్నెండవ పాఠం అడిగింది. సంస్థ ముందు మూడు మార్గాలున్నాయి. నిల్వను అందరికీ తెరిచి ఉంచడం మొదటిది. అప్పుడు రుసుముకు అర్థం లేదు. నిల్వ తాళంచెవిని విద్యార్థిని ఫోనులోనే పెట్టడం రెండవది. అప్పుడు ఒక్క పాఠానికి బదులు భాండాగారమంతా ఆమె చేతికి వచ్చినట్లే. ప్రతి పాఠాన్నీ సంస్థ తానే క్లౌడ్ నుంచి తెచ్చి, తన సర్వరు ద్వారా అందించడం మూడవది. అది క్షేమమే గాని, వేలమంది ఒకేసారి అడిగితే ఆ సర్వరు బరువు మోయలేక కుంగిపోతుంది.

నాలుగవ మార్గమే గడువున్న టోకెను. సంస్థ విద్యార్థిని అర్హతను పరీక్షించి, ఒక్క పాఠానికి, పదిహేను నిమిషాలకు మాత్రమే చెల్లే లింకును తయారుచేసి ఇస్తుంది. ఆమె ఆ లింకుతో నేరుగా క్లౌడ్ నిల్వ నుంచే పాఠాన్ని పొందుతుంది. సంస్థపై బరువు పడదు, తాళంచెవి చేయి దాటదు.

టోకెను తయారీ

ప్రోగ్రాములో టోకెను తయారీ నాలుగు దశల్లో జరుగుతుంది.

మొదటి దశ అనుమతి వాక్యాన్ని కూర్చడం. ఏ పని, ఏ వస్తువు, ఎప్పుడు జారీ అయింది, ఎంతసేపు చెల్లుతుంది అన్న నాలుగు అంశాలను ఒక నిర్ణీత క్రమంలో రాస్తారు. ఉదాహరణకు:

పని : చదవడం
వస్తువు : పాఠాలు / భారత చరిత్ర / 12
జారీ సమయం : 1735707600
గడువు : 900

ఇందులో జారీ సమయం వింతగా తోచవచ్చు. చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లుగా లెక్కిస్తాయి. 2025 జనవరి 1న మన దేశంలో ఉదయం పదిన్నర అయినప్పుడు ఆ లెక్క 173 కోట్ల 57 లక్షల 7 వేల 600 సెకన్లు. దానికి పదిహేను నిమిషాలు, అంటే 900 సెకన్లు కలిపితే 173 కోట్ల 57 లక్షల 8 వేల 500 వస్తుంది. ఆ సంఖ్య దాటిన మరుక్షణం టోకెను చెల్లదు. అమెజాన్ సేవలో జారీ సమయాన్ని సెకన్ల మొత్తంగా గాక తేదీ, గంట, నిమిషాల రూపంలోనే రాస్తారు. గడువును మాత్రం సెకన్లలో తెలుపుతారు.

రెండవ దశ సంతకానికి కీని సిద్ధం చేయడం. నిల్వ సొంతదారుకూ, క్లౌడ్ సంస్థకూ మాత్రమే తెలిసిన ఒక రహస్య కీ ఉంటుంది. అమెజాన్ విధానంలో ఆ మూల కీతో నేరుగా సంతకం చేయరు. దానికి ఆ రోజు తేదీని, ప్రాంతాన్ని, సేవ పేరును వరుసగా జోడిస్తూ ఒక కొత్త కీని పుట్టిస్తారు. కాబట్టి ఒకనాటి కీ మరునాటికి పనికిరాదు, ఒక ప్రాంతపు కీ మరో ప్రాంతానికి పనికిరాదు.

మూడవ దశ సంతకం. దీనికి ‘హెచ్‌మ్యాక్’ అనే గణితప్రక్రియను వాడతారు. మిహిర్ బెల్లారే, రాన్ కానెట్టి, హ్యూగో క్రాచిక్ అనే శాస్త్రజ్ఞులు 1996లో దీనిని ప్రతిపాదించారు. ఇందులో రహస్య కీని, అనుమతి వాక్యాన్ని రెండు విడతలుగా కలిపి ‘హాష్’ అనే యంత్రంలో వేసి నూరుతారు. ఫలితంగా 64 అక్షరాలు, అంకెలు గల ఒక వరుస వస్తుంది. అదే సంతకం. పసుపుకొమ్మును దంచితే పొడి అవుతుంది గాని పొడిని ఎంత ఒత్తినా కొమ్ము కానట్లే, సంతకం నుంచి రహస్య కీని రాబట్టడం ఆచరణలో అసాధ్యం. మూల వాక్యంలో ఒక్క అంకె మారినా సంతకం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

నాలుగవ దశ కూర్పు. అనుమతి వాక్యంలోని వివరాలనూ, సంతకాన్నీ కలిపి ఒక లింకుగా మలుస్తారు. విద్యార్థిని ఫోనుకు చేరేది ఈ లింకు మాత్రమే. రహస్య కీ అందులో ఎక్కడా ఉండదు. ఈ పనులన్నీ చేసే ఉపకరణాలను క్లౌడ్ సంస్థలే సిద్ధం చేసి ఇస్తాయి. అందువల్ల ప్రోగ్రాము రాసేవారు రెండు మూడు పంక్తుల్లోనే ముగించగలరు. అయితే పంక్తులు తక్కువైనంత మాత్రాన ఆలోచన తక్కువ కాకూడదు. వస్తువు, పని, గడువు అన్న మూడింటినీ నిర్ణయించేది మనిషే.

ద్వారపాలకుని పరీక్ష

లింకు క్లౌడ్ నిల్వను చేరగానే అక్కడి సర్వరు ద్వారపాలకునిగా రెండు పరీక్షలు చేస్తుంది. లింకులోని వివరాలతో, తన వద్దనున్న రహస్య కీతో సంతకాన్ని మళ్లీ తానే తయారుచేసి, వచ్చిన సంతకంతో పోలుస్తుంది. రెండూ ఒకటైతే వివరాలు మారలేదని అర్థం. తర్వాత తన గడియారం చూసి గడువు మిగిలి ఉందా అని పరీక్షిస్తుంది. రెండూ నెగ్గి, లింకు ఇచ్చినవారికి ఆ వస్తువుపై అధికారం కూడా ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది.

ఎవరైనా తెలివిగా 900ని 90000గా మార్చితే ఏమవుతుంది? వాక్యం మారింది కనుక సంతకం కుదరదు. కొత్త సంతకం చేయడానికి రహస్య కీ కావాలి, అది వారి వద్ద లేదు. గడువును చదవడం ఎవరికైనా సాధ్యమే గాని, మార్చడం కీ ఉన్నవారికే సాధ్యం. రాక్షసుని ఉంగరానికి, ఈ టోకెనుకు భేదం ఇక్కడే ఉంది. ఉంగరం ఎవరి చేతిలో పడితే వారు కోరిన లేఖకల్లా ముద్ర వేస్తుంది. టోకెను తనపై రాసి ఉన్న ఒక్క వాక్యానికి మాత్రమే సాక్ష్యం చెబుతుంది.

టోకెను చేయలేని పనులు

ఏ ఉపాయానికైనా పరిమితులుంటాయి. గడువు లోపల టోకెను ఎవరి చేతిలో ఉంటే వారిదే. విద్యార్థిని ఆ లింకును స్నేహితురాలికి పంపితే, పదిహేను నిమిషాల్లోగా ఆమె కూడా పాఠం చూడగలదు. టికెట్టును చూసి లోపలికి పంపేవారు దాన్ని కొన్నదెవరని అడగరు కదా!

రెండవ పరిమితి, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. క్లౌడ్ సంస్థ ప్రతి టోకెనునూ పద్దుపుస్తకంలో రాసుకోదు. ఒక్క టోకెనును మాత్రం రద్దు చేయడం సాధారణంగా కుదరదు. సంతకం చేసిన కీనే మార్చవలసి వస్తుంది. అప్పుడు ఆ కీతో చేసిన టోకెన్లన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోతాయి. గడువు చిన్నదిగా ఉండాలనడానికి ఇదే ప్రధాన కారణం.

మూడవది, గడువును చూసేది తలుపు దగ్గరే. గడువులోపల మొదలైన డౌన్‌లోడు గడువు దాటినా కొనసాగుతుంది. మధ్యలో తెగిపోతే మాత్రం కొత్త టోకెను కావాలి. గడువుకు పై హద్దు కూడా ఉంది. అమెజాన్ విధానంలో మూల కీతో చేసిన లింకు గరిష్ఠంగా ఏడు రోజులు చెల్లుతుంది. తాత్కాలిక కీతో చేసినట్లయితే, ఆ కీ గడువు ముగియగానే లింకు గడువూ ముగుస్తుంది. తనకు లేని అధికారాన్ని ఎవరూ మరొకరికి ఇవ్వలేరు.

ముప్పై ఏళ్ల గడువు

హద్దులను మరిస్తే ఎంతటి సంస్థకైనా చిక్కు తప్పదని 2023లో జరిగిన ఒక ఉదంతం నిరూపించింది. మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన కృత్రిమ మేధ పరిశోధకులు, తమ నమూనాలను అందరితో పంచుకునే ఉద్దేశంతో గిట్‌హబ్ అనే వేదికపై ఒక లింకు ఉంచారు. అది టోకెనుతో కూడిన లింకే. 2020లో ఉంచినప్పుడు దాని గడువు 2021 అక్టోబరు వరకు ఉండేది. తర్వాత దాన్ని 2051 అక్టోబరు వరకు పొడిగించారు. పైగా ఆ టోకెను కొన్ని దస్త్రాలకు గాక నిల్వ ఖాతా అంతటికీ వర్తించేది. చదవడానికే గాక మార్చడానికీ, చెరిపివేయడానికీ అధికారం ఇచ్చేది.

విజ్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు దీనిని గుర్తించి 2023 జూన్ 22న తెలియజేశారు. మైక్రోసాఫ్ట్ రెండు రోజుల్లో ఆ టోకెనును రద్దు చేసింది. అప్పటికి 38 టెరాబైట్ల సమాచారం బయటివారికి అందుబాటులో ఉంది. అందులో ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్ల నకళ్లు, సంకేతపదాలు, 30 వేలకు పైగా అంతర్గత సందేశాలు ఉన్నాయి. వినియోగదారుల సమాచారం బయటపడలేదని సంస్థ ప్రకటించింది. అక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. గణితం తప్పలేదు. వస్తువు, పని, గడువు అన్న మూడు గళ్లనూ నింపిన చేయి ఉదారంగా నింపింది. అంతే!

ముగింపు

అశోక్ నగర్‌కు తిరిగి వద్దాం. గడువున్న టోకెను ఒక్కటే ఉంటే 2023 నాటి ప్రశ్నపత్రాలు బయటికి వచ్చేవి కావనడం అతిశయోక్తి అవుతుంది. లోపలి మనిషి నమ్మకాన్ని వమ్ము చేస్తే ఏ యంత్రమూ ఒంటరిగా కాపాడలేదు. పర్యవేక్షణ కావాలి, ఎవరు ఏ దస్త్రం తెరిచారో తెలిపే నమోదు కావాలి, బాధ్యత కావాలి. అయినా, ఎల్లప్పుడూ అన్ని తలుపులూ తెరిచే తాళంచెవి ఉన్నచోట నష్టం అపారమవుతుందనీ, ఒక్క తలుపును కొద్దిసేపే తెరిచే తాళంచెవి ఉన్నచోట నష్టం హద్దు మీరదనీ చెప్పడంలో సందేహం లేదు.

గ్రూప్-1 ప్రాథమిక పరీక్షను 2023 జూన్ 11న మళ్లీ నిర్వహించారు. నిర్వహణ లోపాల కారణంగా ఆ పరీక్షను కూడా హైకోర్టు రద్దు చేసింది. కొత్త ప్రకటన వెలువడి, ప్రాథమిక పరీక్ష మరోసారి జరిగేనాటికి 2024 జూన్ 9 వచ్చింది. 2022లో మొదటిసారి పరీక్ష రాసినవారిలో ఎందరో ఆ ఇరవై నెలల అద్దె కట్టారు, ఇంటికి ఏదో ఒక సమాధానం చెప్పారు, చదివిన పుస్తకాన్నే మళ్లీ చదివారు. ప్రోగ్రాము రాసేవారికి గడువు అంటే ఒక గడిలో నింపే సంఖ్య. ఆ సంఖ్య వెనుక కాపాడవలసినది ఇలాంటి కాలమే. రేపు ఆ గడి ముందు కూర్చునేవారు నేటి విద్యార్థులే కనుక, దాన్ని నింపే ముందు ‘ఎవరికి, దేనికి, ఎంతసేపు’ అని ప్రశ్నించుకోవడం అలవరచుకోవాలి.

కఠిన పదాలు – అర్థాలు

కాణాచి = చిరకాల స్థానం, నెలవు
సంకేతపదం = రహస్య గుర్తుమాట, పాస్‌వర్డు
లంఘించు = దాటు
అంగుళీయకం = ఉంగరం
మాషం, పణం = ప్రాచీనకాలపు నాణేలు
కపటలేఖ = మోసపు ఉత్తరం
కూతవేటు = పిలిస్తే వినబడేంత దూరం
భాండాగారం = వస్తువులు దాచే గది, కొట్టు
వమ్ము చేయు = వ్యర్థం చేయు

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. గడువున్న టోకెనును తయారుచేసే నాలుగు దశలను వివరించండి.
2. టోకెను వల్ల కలిగే ప్రయోజనాలను, దానికున్న పరిమితులను పాఠం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. రాక్షసమంత్రి ఉంగరానికి, గడువున్న టోకెనుకు గల భేదం ఏమిటి?
2. వీడియో పాఠాలను అందించడంలో శిక్షణ సంస్థ ముందున్న మొదటి మూడు మార్గాల్లోని లోపాలేవి?
3. 2023లో వెల్లడైన మైక్రోసాఫ్ట్ ఉదంతంలో జరిగిన మూడు పొరపాట్లు తెలపండి.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. అర్థశాస్త్రంలో ప్రవేశపత్రాలు ఇచ్చే అధికారి పేరేమిటి?
2. హెచ్‌మ్యాక్‌ను ఏ సంవత్సరంలో ప్రతిపాదించారు?
3. లింకులో గడువును ఎవరైనా మార్చితే ఏమవుతుంది?